ముందు వెర్బ్‌ని పట్టుకోండి, సబ్జెక్ట్ దానంతటదే దొరుకుతుంది

ఏదైనా ఇంగ్లీషు వాక్యం చూపించి ఇందులో సబ్జెక్ట్ ఏది, వెర్బ్ ఏది అని అడిగితే చాలామంది మొదటి మాట సబ్జెక్ట్, రెండో మాట వెర్బ్ అనేస్తారు. 'బర్డ్స్ ఫ్లై' లాంటి చిన్న వాక్యాల్లో ఆ ఊహ సరిపోతుంది కాబట్టి అదే అలవాటైపోతుంది. అదే పద్ధతిలో 'ఎస్టర్‌డే మార్నింగ్ ద ఓల్డ్ మ్యాన్ నెక్స్ట్ డోర్ ఫెల్ డౌన్' అనే వాక్యం మీద పడితే మాత్రం నిన్న అనేది సబ్జెక్టూ, పొద్దున్న అనేది వెర్బూ అయి కూర్చుంటాయి.

ఇంకోటి, చిన్నప్పుడు మనందరికీ నేర్పిన నిర్వచనం: పని చేసేది కర్త, ఆ పనిని చెప్పేది క్రియ. అది తప్పని అనను గానీ సగమే నిజం. 'ద వాల్ ఈజ్ వైట్' అన్నప్పుడు గోడ ఏం పని చేస్తోంది? నిలబడి ఉంది, అంతే. 'ద విండో వజ్ బ్రోకెన్' అన్నప్పుడు కిటికీ పని చేయడం మాట అటుంచి దాని మీదే ఎవరో పని చేశారు, ఆ చేసినవాడు వాక్యంలో ఎక్కడా లేడు. అయినా ఈ రెండు వాక్యాల్లోనూ సబ్జెక్టులు గోడ, కిటికీలే. పని చేసేవాడి కోసం వెతుక్కుంటూ వెళ్తే ఇలాంటి చోట్ల దారి తప్పుతాం.

అందుకని నేను తిరగేసి చెప్తాను. ముందు సబ్జెక్ట్ గురించి మర్చిపోండి. వెర్బ్‌ని పట్టుకోండి.

వెర్బ్‌ని పట్టుకోవడం ఎలా

వాక్యంలో కాలం మార్చి చూడండి, ఏ మాట మారితే అదే వెర్బ్. 'షి వాక్స్ టు ద రివర్' అనే వాక్యం తీసుకుని ముందు నిన్న అనే మాట చేర్చండి: 'ఎస్టర్‌డే షి వాక్ట్ టు ద రివర్'. రేపు అని చేర్చండి: 'టుమారో షి విల్ వాక్ టు ద రివర్'. షి కదల్లేదు, రివర్ కదల్లేదు, వాక్స్ ఒక్కటే వాక్ట్ అయింది, విల్ వాక్ అయింది. దొరికిపోయింది కదా.

ఇప్పుడు గోడ వాక్యాన్ని ఇలాగే చూడండి. 'ద వాల్ ఈజ్ వైట్', నిన్నటికైతే 'ద వాల్ వజ్ వైట్', రేపటికైతే 'ద వాల్ విల్ బీ వైట్'. మారింది ఈజ్. అంటే ఈజ్ అనేది నిక్షేపంగా వెర్బే, అందులో పని అనేదేమీ లేకపోయినా సరే. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది వైట్‌ని వెర్బ్ అనుకుంటారో! గోడ గురించి చెప్పే ముఖ్యమైన మాట అదే కదా అని వాళ్ళ లెక్క. ముఖ్యమైన మాట కావచ్చు, వెర్బ్ మాత్రం కాదు.

ఈ పరీక్షకి ఒక చిన్న లొసుగు ఉంది. కట్, పుట్, హిట్ లాంటి కొన్ని మాటలు నిన్నటికి కూడా మారవు, 'దే కట్ ద పేపర్' అంటే రోజూ కత్తిరిస్తారని కూడా అనుకోవచ్చు, నిన్న కత్తిరించారని కూడా అనుకోవచ్చు. అప్పుడు రేపు అనే పరీక్ష వాడండి, 'దే విల్ కట్ ద పేపర్', విల్ ఎక్కడ దూరిందో దాని వెనకే ఉన్నది వెర్బ్. ఇక కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్ అనే 9 మాటలు గుర్తుంచుకుంటే, వాటిలో ఏది కనిపించినా పరీక్ష కూడా అక్కర్లేదు, వెర్బ్ అక్కడే మొదలవుతోందని అర్థం. వెర్బ్ ఒక్క మాటే ఉండాలని లేదు మరి. 'హి హాజ్ బీన్ వర్కింగ్' అన్నదాంట్లో హాజ్ బీన్ వర్కింగ్ మూడూ కలిసి ఒకే వెర్బ్, కానీ కాలంతో మారేది ఆ గుంపులో మొట్టమొదటి మాట, హాజ్ కాస్తా హాడ్ అవుతుంది. మిగతావి దాని వెనకాల నడుస్తాయి.

వెర్బ్ దొరికాక దాన్ని ఒక్క ప్రశ్న అడగండి, ఎవరు అనో ఏది అనో. నదికి నడిచేది ఎవరు? షి. తెల్లగా ఉన్నది ఏది? ద వాల్. పడిపోయింది ఎవరు? ద ఓల్డ్ మ్యాన్ నెక్స్ట్ డోర్. తెలుగులోనే అడగండి, ఫర్వాలేదు, జవాబు మాత్రం ఆ వాక్యంలోంచి మొత్తంగా తీయండి. ఆ జవాబే సబ్జెక్ట్. అందులో ఒక మాట ఇరుసులా ఉంటుంది, ఇక్కడ మ్యాన్. ఓల్డ్, నెక్స్ట్ డోర్ అనేవి ఆ ఇరుసుకి తగిలించిన మాటలు. ఈ ఇరుసు సంగతి కాసేపు గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

వెర్బ్‌లా వేషం వేసుకొచ్చేవి

రెండు రకాల మాటలు వెర్బ్‌లా కనిపించి బోల్తా కొట్టిస్తాయి. ఒకటి చివర ఇంగ్ ఉన్నది, రెండోది ముందు టు ఉన్నది. 'ద చిల్డ్రన్ ప్లేయింగ్ ఇన్ ద రెయిన్ ఆర్ హ్యాపీ' అనే వాక్యంలో వెర్బ్ ప్లేయింగ్ అనిపిస్తుంది, పిల్లలు ఆడుతున్నారు కదా అని. కాలం మార్చండి: 'ద చిల్డ్రన్ ప్లేయింగ్ ఇన్ ద రెయిన్ వర్ హ్యాపీ'. ప్లేయింగ్ చెక్కుచెదరలేదు, ఆర్ కాస్తా వర్ అయింది. అలాగే 'షి వాంట్స్ టు స్లీప్' నిన్నటికైతే 'షి వాంటెడ్ టు స్లీప్'. స్లీప్ మారలేదు, వాంట్స్ మారింది.

ఇది మనకి నిజానికి కొత్త విషయం కాదు. తెలుగు వ్యాకరణంలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం, గుర్తుందా? 'వాడు వచ్చి, కూర్చుని, కాసేపు మాట్లాడి వెళ్ళాడు' అంటే నాలుగు పనులు జరిగాయి, కానీ వాక్యాన్ని ముగించింది వెళ్ళాడు ఒక్కటే. 'వాడు వచ్చి' అని ఆపేస్తే వినేవాడు 'ఊఁ, వచ్చి?' అంటాడు. ఇంగ్లీషులో ఒంటరిగా ఉన్న ఇంగ్ మాటా, టు మాటా సరిగ్గా ఈ వచ్చి, కూర్చుని లాంటివే. 'షి గోయింగ్' అని రాస్తే ఇంగ్లీషు తెలిసినవాడికి 'ఆమె వెళ్తూ' అన్నట్టు ఉంటుంది. వెళ్తూ ఏం చేసింది? అందుకే 'షి ఈజ్ గోయింగ్' అనాలి. ఈజ్ వచ్చి నిలబడితేనే గోయింగ్‌కి వెర్బ్ గుంపులో చోటు.

ఒక్కోసారి ఈ ఇంగ్ మాటే సబ్జెక్ట్ కుర్చీలో కూర్చుంటుంది. 'స్విమ్మింగ్ ఈజ్ ఈజీ' అంటే ఈత కొట్టడం తేలిక అని. మనం కొట్టడం, తినడం, రాయడం అని క్రియని నామవాచకం చేసుకోమూ, అదే ఇది. తేలికైనది ఏది అని అడగండి, స్విమ్మింగ్ అని జవాబొస్తుంది, అంతటితో అనుమానం తీరిపోతుంది.

ఇంగ్‌తో ఇంకో జబ్బు కూడా ఉంది మనకి, ఎక్కడపడితే అక్కడ తగిలించడం. 'ఐ యామ్ నోయింగ్ హిమ్', 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్'. తెలియడం, కలిగి ఉండడం లాంటివి అప్పటికప్పుడు జరుగుతున్న పనులు కావు, స్థితులు. వాటికి 'ఐ నో హిమ్', 'ఐ హావ్ టూ బ్రదర్స్' అని సాదాగా చెప్పేస్తే చాలు.

తెలుగు వెర్బ్‌లో సబ్జెక్ట్ దాక్కుని ఉంటుంది

మన ఇబ్బందులన్నిటికీ మూలం ఇదేనని నా నమ్మకం, అందుకే ఇక్కడ కాస్త నింపాదిగా చెప్తాను.

'వచ్చాను' అని ఒక్క మాట అనండి. వచ్చింది ఎవరు? నేను. 'వచ్చావు' అంటే నువ్వు, 'వచ్చాడు' అంటే వాడు, 'వచ్చారు' అంటే మీరో వాళ్ళో. సబ్జెక్ట్ వేరే చెప్పక్కర్లేదు, వెర్బ్ తోకలోనే ఉంది. అందుకే తెలుగులో మనం నేను, నువ్వు అనే మాటల్ని హాయిగా వదిలేసి మాట్లాడతాం, ప్రతి వాక్యంలోనూ 'నేను' అంటూ పోతే పైగా ఎబ్బెట్టుగా ఉంటుంది, వీడికి తన గోల తప్ప ఇంకోటి పట్టదా అనిపిస్తుంది. ఇంగ్లీషు 'కేమ్' చూడండి. వచ్చింది నేనా, నువ్వా, వాడా, వర్షమా? ఆ మాటలో ఏ జాడా లేదు. తోక లేని జంతువు అది. కాబట్టి ఇంగ్లీషులో సబ్జెక్ట్ కుర్చీ ఒకటి, వెర్బ్ కుర్చీ ఒకటి విడివిడిగా వేసి ఉంటాయి, రెండూ నిండాలి. 'కేమ్ లేట్' కాదు, 'ఐ కేమ్ లేట్'.

ఈ పట్టింపు ఎంతవరకు పోతుందంటే, కూర్చోబెట్టడానికి ఎవరూ లేకపోయినా ఇంగ్లీషువాళ్ళు ఒక డమ్మీని తెచ్చి ఆ కుర్చీలో పెడతారు. 'చలిగా ఉంది' అంటాం మనం. చలిగా ఉన్నది ఏది? ఏమో, ఏదీ కాదు, అంతటా చలే. ఇంగ్లీషులో మాత్రం 'ఇట్ ఈజ్ కోల్డ్'. ఆ ఇట్ ఏంటి అని తల బద్దలు కొట్టుకోకండి, అది దేన్నీ సూచించదు, ఖాళీ కుర్చీలో పెట్టిన రుమాలు. వర్షం పడుతోందంటే 'ఇట్ ఈజ్ రెయినింగ్', ఐదయిందంటే 'ఇట్ ఈజ్ ఫైవ్', ఆలస్యమైందంటే 'ఇట్ ఈజ్ లేట్'. ఇలాంటి చోట ఇట్ వదిలేసి 'ఈజ్ వెరీ హాట్ టుడే' అని మాట్లాడేవాళ్ళు బోలెడంతమంది, వాళ్ళ తప్పు తెలివితేటల్లో లేదు, తెలుగు వాక్యాన్ని తెలుగులాగే అనడంలో ఉంది.

ఇట్‌కి తోడు దేర్ అని ఇంకొకటి ఉంది. 'బల్ల మీద పుస్తకం ఉంది' అనడానికి 'దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్'. ఇక్కడ దేర్ అంటే అక్కడ అని కాదు, ఉంది అనే సంగతి మొదలుపెట్టే మాట మాత్రమే. కాకపోతే ఇందులో అసలు లెక్క వెనకాల ఉన్న మాటతోనే జరుగుతుంది. పుస్తకం ఒకటైతే 'దేర్ ఈజ్', రెండైతే 'దేర్ ఆర్ టూ బుక్స్'.

సబ్జెక్ట్ కనిపించకుండా ఇంగ్లీషు ఊరుకునేది ముఖ్యంగా ఒక్క చోట, ఎవరికైనా ఏదైనా చెయ్యమని చెప్పేటప్పుడు. 'కమ్ హియర్', 'సిట్ డౌన్'. ఎదురుగా ఉన్న మనిషితోనే అంటున్నాం కాబట్టి యు అనే మాట లోపలే ఉందని లెక్క. మనం 'ఇటు రా' అన్నప్పుడు నువ్వు అననట్టే.

ఇక దీనికి సరిగ్గా ఎదురు సమస్య. తెలుగులో వెర్బ్ లేకుండానే వాక్యం పూర్తవుతుంది: 'ఆమె డాక్టరు', 'ఇది మంచి పుస్తకం', 'మా అన్న చాలా పొడుగు'. క్రియ ఎక్కడ? లేదు. తమాషా ఏంటంటే కాదు అనాల్సి వచ్చినప్పుడే అది బయటికొస్తుంది, 'ఆమె డాక్టరు కాదు' అని. ఇంగ్లీషులో అవునన్నా కాదన్నా వెర్బ్ కుర్చీ ఖాళీగా ఉండకూడదు, 'షి ఈజ్ ఎ డాక్టర్', 'మై బ్రదర్ ఈజ్ వెరీ టాల్'. మీరు రాసిన వాక్యం తెలుగులో ఇలా క్రియ లేని వాక్యమైతే, ఇంగ్లీషులో దాదాపుగా యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి తగ్గిందని అనుమానించండి.

మూడో చిక్కు నాకు, నీకు, ఆమెకు అని మొదలయ్యే వాక్యాలది. నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు అక్కలున్నారు, నాకు జ్వరంగా ఉంది, నాకు ఇంగ్లీషు వచ్చు. మన భాషలో ఆకలి, జ్వరం, ఇంగ్లీషు ఇవన్నీ ఎక్కడినుంచో వచ్చి మనిషిని చేరతాయి, మనిషి అందుకునేవాడు. ఇంగ్లీషు సాధారణంగా ఆ మనిషినే తీసుకెళ్ళి సబ్జెక్ట్ కుర్చీలో కూర్చోబెడుతుంది: 'ఐ యామ్ హంగ్రీ', 'ఐ నో', 'ఐ హావ్ టూ సిస్టర్స్', 'ఐ హావ్ ఎ ఫీవర్', 'ఐ కెన్ స్పీక్ ఇంగ్లిష్'. కొత్తలో నేను ఒకాయనతో 'ఇంగ్లిష్ ఈజ్ కమింగ్ టు మి' అన్నాను, వస్తోంది అనే అర్థంలో. ఆయన మర్యాదస్తుడు, ఎక్కడిదాకా వచ్చింది అని అడగలేదు. కాబట్టి తెలుగులో మీ తలలో వాక్యం నాకు అని మొదలైతే, ఇంగ్లీషులో ఐ అని మొదలుపెట్టి చూడండి, ఎక్కువసార్లు అదే కుదురుతుంది.

మాటల వరస గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 'కుక్క మనిషిని కరిచింది' అన్నా, 'మనిషిని కుక్క కరిచింది' అన్నా మనకి ఒకటే, కరిచింది కుక్కే, ఎందుకంటే మనిషి పక్కన ని అనే ప్రత్యయం కాపలా కాస్తోంది. ఇంగ్లీషు నామవాచకాలకి ఆ ని లేదు. 'ద డాగ్ బిట్ ద మ్యాన్' అంటే కరిచింది కుక్క, రెండు మాటల చోట్లు మార్చి 'ద మ్యాన్ బిట్ ద డాగ్' అంటే మనిషే వెళ్ళి కుక్కని కరిచాడు. మామూలు వాక్యంలో సబ్జెక్ట్ వెర్బ్‌కి ముందు ఉంటుంది, కర్మ వెర్బ్ తర్వాత ఉంటుంది, ఎవరు ఎవరన్నది చెప్పేది ఆ చోటే. ఒకే మాట ఒకచోట నామవాచకం, ఇంకోచోట వెర్బ్ కావడం కూడా ఈ చోటు మహిమే: 'దే వాక్' అంటే వాళ్ళు నడుస్తారు, 'ద వాక్ వజ్ లాంగ్' అంటే ఆ నడక చాలా దూరం సాగింది.

ఆ ఒక్క ఎస్ దగ్గర ఎందుకు జారిపడతాం

వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి. మొత్తం 7 తోకలు, నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పం. అదే పనికి ఇంగ్లీషులో ఉన్నవి రెండే రెండు, కమ్, కమ్స్. అయినా ఆ రెంటి మధ్యే తడబడతాం. ఎందుకంటే తెలుగు తోక తీసేస్తే అర్థం పోతుంది, ఇంగ్లీషు ఎస్ తీసేసినా అర్థం పోదు, 'షి కమ్ ఎవ్రీ డే' అన్నా విన్నవాడికి తెలుస్తూనే ఉంటుంది. అవసరం లేని దాన్ని నోరు గుర్తుపెట్టుకోదు. కానీ తప్పు తప్పే, రాసినప్పుడు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పద్ధతి ఇది. సబ్జెక్ట్ ఎంత పొడుగ్గా ఉన్నా దాన్ని మొత్తం తీసేసి హి, షి, ఇట్, దే అనే నాలుగింటిలో ఒకటి పెట్టి చూడండి. మొదటి మూడింటిలో ఏది సరిపోయినా, రోజూ జరిగే సంగతులు చెప్పే వెర్బ్‌కి ఎస్ కావాలి. దే సరిపోతే వద్దు. 'మై అంకుల్ అండ్ ఆంట్' అంటే దే, కాబట్టి 'లివ్ హియర్'. 'ద కలర్ ఆఫ్ ద ఫ్లవర్స్' అంటే ఇట్, కాబట్టి 'చేంజెస్'. ఐ, యు, వి అనే మూడింటికి ఎస్ అక్కర్లేదు. మగ, ఆడ, వస్తువు తేడా కూడా ఇంగ్లీషు వెర్బ్‌కి పట్టదు, ముగ్గురికీ ఒకటే ఎస్.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది, చాలామంది బయటికి చెప్పరు గానీ లోపల నలుగుతూ ఉంటారు. నామవాచకానికి ఎస్ వస్తే బహువచనం, వెర్బ్‌కి ఎస్ వస్తే ఏకవచనం. 'ద బాయ్స్ రన్', 'ద బాయ్ రన్స్'. ఒకే అక్షరం, రెండు వేర్వేరు పనులు, పేరు కలిసిన ఇద్దరు మనుషుల్లాంటివి. ఒకే ఎస్ అటో ఇటో ఉంటుంది, రెండు వైపులా ఉండదు అని కొందరు గుర్తుపెట్టుకుంటారు. చాలావరకు పనిచేస్తుంది, కానీ చిల్డ్రన్, పీపుల్, మెన్ లాంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి అక్కడ పల్టీ కొడుతుంది. దే పెట్టి చూసే పద్ధతికి ఆ బాధ లేదు.

ఒక్కడే ఉన్నా 'యు ఆర్' ఎందుకు, 'యు ఈజ్' ఎందుకు కాదు అని ఎప్పుడైనా అనిపించిందా? పాత ఇంగ్లీషులో ఒకరిని పిలవడానికి దౌ అనీ, పలువురిని పిలవడానికి యు అనే రూపాలూ వేరుగా ఉండేవి. తర్వాత్తర్వాత మర్యాద కోసం ఒక్కరిని కూడా యు అనడం మొదలుపెట్టి, చివరికి దౌ అనేది వాడుకలోంచే పోయింది. మనం ఎదుట ఒక్క పెద్దాయనే ఉన్నా 'మీరు ఉన్నారా' అంటాం గానీ 'మీరు ఉన్నావా' అనం కదా, సరిగ్గా అదే. యు అనేది ఇంగ్లీషువాళ్ళ మీరు. అందుకే దాని వెంట బహువచన వెర్బ్ వస్తుంది.

నిన్నటి సంగతులు చెప్పేటప్పుడు ఎస్ టెన్షన్ లేనే లేదు. 'హి వెంట్', 'దే వెంట్', 'ఐ వెంట్', అందరికీ ఒకటే. దీనికి మినహాయింపు బీ ఒక్కటే: ఐ, హి, షి, ఇట్ అయితే వజ్, మిగతావాటికి వర్. ఈ బీ మొత్తం భాషలోకెల్లా అల్లరి వెర్బ్. గో లాంటి మామూలు వెర్బ్‌కి గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్ అని అయిదు రూపాలుంటే, బీకి 8 ఉన్నాయి: బీ, యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్, బీన్, బీయింగ్. బట్టీ పట్టమని నేను మామూలుగా ఎవరికీ చెప్పను, దీనికి మాత్రం చెప్తాను.

ఎస్ గురించి చివరి మాట. వాక్యానికి ఒకే ఎస్ ఇస్తారు, దాన్ని వెర్బ్ గుంపులో మొదటి మాట లాగేసుకుంటుంది. 'షి గోస్', కానీ 'షి డజ్ నాట్ గో'. డూ వచ్చి ఎస్ తీసుకుని డజ్ అయింది, గోకి ఇక మిగల్లేదు. 'షి డజ్ నాట్ గోస్' అంటే రెండుసార్లు తీసుకున్నట్టు. 'డిడ్ యు వెంట్' తప్పు కావడానికి కారణం కూడా ఇదే, నిన్న అనే సంగతిని డిడ్ మోసేసింది కాబట్టి 'డిడ్ యు గో' చాలు. కెన్, మస్ట్ లాంటి ఆ తొమ్మిదింటికి అసలు ఎస్ అంటదు, వాటి వెనకున్నదానికీ అంటదు. 'షి కెన్ స్విమ్', అంతే.

సబ్జెక్ట్ దూరంగా ఉన్నప్పుడు

ఇంగ్లీషు బాగానే వచ్చినవాళ్ళు కూడా తప్పు చేసేది ఇక్కడ. 'ద కీస్ టు ద రూమ్ ఈజ్ ఆన్ ద టేబుల్' అని రాసేస్తారు, ఈజ్ పక్కన రూమ్ కనిపించి. బల్ల మీద ఉన్నవి ఏవి? కీస్. కాబట్టి ఆర్.

దీనికి కారణం వెతికితే మళ్ళీ మన భాషే కనిపిస్తుంది. తెలుగులో ఇరుసు మాట ఎప్పుడూ చివర వస్తుంది: గది తాళంచెవులు, పెన్సిళ్ళ పెట్టె, నా స్నేహితుల్లో ఒకడు. తగిలించిన మాటలన్నీ ముందే అయిపోయి ఇరుసు ఆఖరున నిలబడుతుంది. ఇంగ్లీషులో ఇలాంటివి తలకిందులు: 'ద కీస్ టు ద రూమ్', 'ద బాక్స్ ఆఫ్ పెన్సిల్స్', 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్'. ఇరుసు ముందు వచ్చేస్తుంది, తగిలించినవన్నీ దాని వెనక, వెర్బ్‌కి అడ్డంగా. మన కన్నేమో అలవాటు కొద్దీ చివరి మాట మీద ఆగుతుంది. అందుకే 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్' అని అనేస్తాం, స్నేహితుల్లో ఒకడు 'ఉన్నారు' అన్నట్టు.

చేయాల్సింది ఏంటంటే ఆఫ్, టు, ఇన్, ఆన్, విత్, ఫ్రమ్ లాంటి మాట దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీసి, అక్కడి నుంచి వెర్బ్ దాకా ఉన్నదాన్ని వేలితో మూసేయండి. 'ద బాక్స్ ఆఫ్ పెన్సిల్స్ ఈజ్ హెవీ'లో ఆఫ్ పెన్సిల్స్ మూసేస్తే 'ద బాక్స్ ఈజ్ హెవీ' మిగులుతుంది. 'ద టీచర్ విత్ హర్ స్టూడెంట్స్ ఈజ్ కమింగ్', విత్ దగ్గర మూసేయండి, టీచర్ ఒక్కరే. అదే విత్ తీసేసి అండ్ పెడితే మాత్రం అందరూ సబ్జెక్టులోకి వచ్చేస్తారు, ఆర్ కావాలి.

హూ, విచ్, దట్ వచ్చినప్పుడు వాక్యంలో రెండు వెర్బులు కనిపిస్తాయి, కంగారు పడకండి. 'ద ఉమన్ హూ టీచెస్ అజ్ మ్యూజిక్ లివ్స్ అలోన్'. కాలం మార్చితే టీచెస్, లివ్స్ రెండూ మారగలవు. మనమైతే 'మాకు సంగీతం నేర్పే ఆవిడ ఒంటరిగా ఉంటుంది' అంటాం, నేర్పే అనేదానికి తోక ఉండదు కాబట్టి అనుమానమే రాదు. ఇంగ్లీషులో ఆ లోపలి ముక్కకి కూడా సొంత సబ్జెక్ట్, సొంత వెర్బ్ ఉంటాయి, హూ టీచెస్ అని. దాన్ని వేలితో మూసేస్తే బయట మిగిలింది 'ద ఉమన్ లివ్స్ అలోన్', అసలు వాక్యం అదే.

ఇంకా కొన్ని మాటలు లెక్కలో మోసం చేస్తాయి. ఎవ్రీబడీ, ఎవ్రీవన్ అంటే మనకి అందరూ, 'అందరూ వచ్చారు' అంటాం, కానీ ఇంగ్లీషువాళ్ళకి అది ఒక్కొక్కరు, 'ఎవ్రీబడీ ఈజ్ హియర్'. న్యూస్, మేథమేటిక్స్ చివర ఎస్ అక్షరం ఉన్నా ఏకవచనాలే. పీపుల్, పోలీస్ చివర ఎస్ అక్షరం లేకపోయినా బహువచనాలు. టీమ్, కమిటీ లాంటి గుంపు మాటల్ని అమెరికావాళ్ళు సాధారణంగా ఏకవచనంగానే వాడతారు, బ్రిటన్‌లో రెండు రకాలుగానూ వినిపిస్తాయి, ఏదో ఒకటి పట్టుకుని దానికే కట్టుబడి ఉండండి.

రెండు చిన్న సంగతులు మిగిలాయి. ఒకటి, 'మై బ్రదర్ హి ఈజ్ స్లీపింగ్' అని రెండు సబ్జెక్టులు పెట్టకండి, కుర్చీ ఒకటే, బ్రదర్ కూర్చున్నాక హికి చోటు లేదు. రెండోది ప్రశ్నలు. ప్రశ్నలో వెర్బ్ గుంపులోని మొదటి మాట సబ్జెక్ట్‌ని దాటి ముందుకొస్తుంది: 'యు ఆర్ గోయింగ్' కాస్తా 'వేర్ ఆర్ యు గోయింగ్?' అవుతుంది. 'వేర్ యు ఆర్ గోయింగ్' అని మనం అనడానికి కారణం, తెలుగులో ప్రశ్న అడగడానికి మాటల వరస మార్చే పని లేకపోవడం. హూ అనేదే సబ్జెక్ట్ అయినప్పుడు మాత్రం ఏదీ కదలదు, డూ కూడా రాదు, 'హూ కేమ్?' అంతే.

ఇప్పుడు మీ చేతికి మూడు వాక్యాలు ఇస్తాను, కింద జవాబు చూడకుండా ఒక నిమిషం తిప్పలు పడండి. మొదటిది 'ద స్మెల్ ఆఫ్ వెట్ లీవ్స్ రిమైండ్స్ మి ఆఫ్ మై చైల్డ్‌హుడ్'. రెండోది 'నాట్ ఎవ్రీవన్ హూ రీడ్స్ ద రూల్స్ ఫాలోస్ దెమ్'. మూడోది 'ఆన్ ద వాల్ హ్యాంగ్ టూ పిక్చర్స్'.

మొదటిదాంట్లో కాలం మార్చితే రిమైండ్స్ కాస్తా రిమైండెడ్ అవుతుంది, అదే వెర్బ్. గుర్తు చేసేది ఏది? ఆకులు కాదు, వాటి వాసన. ఆఫ్ వెట్ లీవ్స్ మూసేస్తే స్మెల్ ఒక్కటే మిగులుతుంది, అది ఇట్, అందుకే ఎస్. రెండోదాంట్లో హూ రీడ్స్ ద రూల్స్ అనేది లోపలి ముక్క, మూసేయండి, 'నాట్ ఎవ్రీవన్ ఫాలోస్ దెమ్' అని తేలుతుంది, ఎవ్రీవన్ ఒక్కొక్కరి లెక్క కాబట్టి ఫాలోస్. మూడోదాంట్లో వాల్ పక్కనే హ్యాంగ్ చూసి ఎస్ తగ్గిందని దిద్దేసి ఉంటారు కొందరు. నిన్నటికి మార్చండి, హ్యాంగ్ కాస్తా హంగ్ అవుతుంది, వెర్బ్ అదే, అక్కడిదాకా సరే. వేలాడుతున్నవి ఏవి అని అడగండి. గోడ వేలాడదు కదా, వేలాడేవి బొమ్మలు, రెండు. వాల్ ముందు ఆన్ ఉంది చూడండి, ఆన్ దగ్గర గీత గీసి మూసేస్తే వాల్ అడ్డు తొలగిపోతుంది. ఇది కథల్లో వర్ణనల్లో కనిపించే వరస, సబ్జెక్ట్ వెర్బ్ వెనక్కి వెళ్ళి నిలబడింది, టూ పిక్చర్స్ అంటే దే, కాబట్టి హ్యాంగ్‌కి ఎస్ అక్కర్లేదు.